పీఎల్‌సీ ఎంపిక కమిటీ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, మిర్యాలగూడ దగ్గర ఒక ఐటీఐలో ట్రైనింగ్ ఆఫీసర్‌గా ఉండగా, విద్యార్థులకు నేర్పడానికి ఏ కంపెనీ పీఎల్‌సీ కొనాలో తేల్చే కమిటీలో నన్ను వేశారు. ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పెట్టె పీఎల్‌సీ. ఇక్కడి పెద్ద రైస్‌మిల్లులు ఇప్పుడు దాని మాటే వింటున్నాయి.

కమిటీలో ముగ్గురం. ప్రిన్సిపాల్‌గారు జర్మనీది కావాలన్నారు. తనిఖీకి వచ్చేవాళ్లకు చూపించడానికి బాగుంటుందట. కోదాడ నుంచి వచ్చిన సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ జపాన్‌దే మేలన్నారు. ఆయనకు వచ్చింది అదొక్కటే. నేను జర్మనీ వైపు మొగ్గాను. నా సెలవులు మంజూరు చేసేది ప్రిన్సిపాల్‌గారే. నాలుగు సమావేశాలు జరిగాయి. మినిట్స్‌లో 'విద్యార్థి' అన్న మాట ఒక్కసారీ రాలేదు. ఆ మినిట్స్ రాసింది నేనే.

జర్మనీ పెట్టె వచ్చింది. ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఒక్కటే, అదీ ఒక్క కంప్యూటర్‌కే. ఆ కంప్యూటర్‌ను ప్రిన్సిపాల్ గదిలో పెట్టారు. విద్యార్థులు చెయ్యి వేస్తే పాడవుతుందని పెట్టెను అద్దాల బీరువాలో ఉంచి తాళం వేశారు. ఇరవై మంది వరుసలో నిలబడి దాన్ని చూసేవారు. నేను బోర్డు మీద పాఠం చెప్పేవాణ్ణి.

ఆ ఏడాది ఒక మిల్లువాళ్లు ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్ తిరగనిదే, దానికి ధాన్యం అందించే కన్వేయర్ బెల్టు కదలకుండా ప్రోగ్రామ్ రాయాలి. పందొమ్మిది మంది మేం నేర్పిన పద్ధతిలోనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. గరిడేపల్లి అమ్మాయి మౌనిక ఒక్కతే కూర్చుని రాసింది. మొదటిసారి కన్వేయరే ముందు కదిలింది. ఆమె కంగారు పడలేదు. తప్పు వెతికి, సరిదిద్ది, మళ్లీ నడిపి చూపించింది. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. మిల్లులో ఎలక్ట్రీషియన్ అయిన మేనమామ, మూలన పడేసిన చిన్న దేశీ పీఎల్‌సీని అడిగి తెచ్చిచ్చాడట. దాని సాఫ్ట్‌వేర్ ఉచితం. మరి మన దగ్గరున్నది పనికిరాలేదా అన్నాను.

"అది మంచిదే సార్. గని ముట్టనియ్యలే గద," అంది. "దీన్నైతే రెండుసార్లు కాలవెట్టిన. మా మామ తిట్టుకుంటనే బాగుచేసిండు. గప్పుడే సమజైంది."

చిన్న దేశీ పెట్టెలు నాలుగు కొనాలని మర్నాడే నోట్ పెట్టాను. పరిశీలనకు కమిటీ వేయమని ప్రిన్సిపాల్‌గారు దాని మీద రాశారు. నేను రిటైరయ్యే నెలలో పెట్టెలు వచ్చాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు కంపెనీ పేరు ముఖ్యం కాదు. ఒకటి చేత్తో నేర్చుకున్నవాళ్లు మరోదానికి కొద్దిరోజుల్లో అలవాటుపడతారు. ప్రతి విద్యార్థి కంప్యూటర్‌లోకీ సాఫ్ట్‌వేర్ ఎక్కాలి. పెట్టె కాలిపోయినా ఎవరూ సంజాయిషీ అడగకూడదు. ఈ రెండూ చూసి కొనాలి.