ఐదుగురు ముందు, నేను వెనక

మా మాస్టారికి బోర్డు, సుద్దముక్క అక్కర్లేదు. ఆదివారం సాయంత్రం బందరు గ్రౌండ్‌లో మేం బూట్లు వేసుకుంటుంటే, విడిచిన చెప్పుల్లోంచి మనిషికొకటి ఏరుకుని నేలమీద ఫుట్‌బాల్ జట్టును పరిచేవారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు, మేం నలభై దాటినవాళ్ళం. గోలు దగ్గర ఒక చెప్పు, వెనక రెండు, మధ్యలో మూడు, ముందు వరసలో ఏకంగా ఐదు. పాతకాలపు పద్ధతి అని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేవారు.

"గోలు కొట్టినోడికే గదండీ చప్పట్లు! వెనకాల నుంచోడానికి ఎవడొస్తాడు?"

నేనొచ్చాను. వెనక రెండు చెప్పుల్లో ఒకటి నాది. రెండోది బంటుమిల్లి నుంచి వచ్చే రొయ్యల వ్యాపారిది. ఆట మొదలవగానే ఆయన కూడా గోలు మీద ఆశతో ముందుకు జారుకునేవారు.

మా ఆవిడ పోయి రెండేళ్ళు. షుగర్ తగ్గడానికి ఆడుతున్నానని అందరికీ చెప్పేవాణ్ణి. అసలు సంగతి అది కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి తాళం తీస్తే, మళ్ళీ సోమవారం ఆఫీసుకు వెళ్ళేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. పదిమందిలో ఉండొచ్చని చేరాను. తీరా చేరాక ఆ పదిమందీ అటు చివర, నేనిటు చివర. ఒకసారి మావాళ్ళు గోలు కొట్టి ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటుంటే నేనూ పరుగెత్తాను. సగం దూరం వెళ్ళేసరికి ఆట మళ్ళీ మొదలైంది. ఉసూరుమంటూ వెనక్కి వచ్చాను.

గుడివాడ జట్టు వచ్చిన ఆదివారం నాకు తోడు దొరికింది. వాళ్ళ ఫార్వర్డ్ ఒకాయన, బట్టతల, బొజ్జ, వెనక్కి పరుగెత్తే ఓపిక లేక మా గోలు దగ్గరే నా పక్కన నిలబడిపోయాడు.

"మీదే ఊరండీ?"

"అవనిగడ్డండీ. ఉద్యోగం ఇక్కడే."

"మా అత్తగారిది మీ పక్కనే, కోడూరండీ! అయితే మీరు మాకు బావగారే."

బంతి అటు చివర తిరుగుతుంటే మేం కబుర్లలో పడ్డాం. ఇంట్లో ఏం కూరని అడిగాడు. అన్నం మాత్రం వండుకుంటానని, కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటానని చెప్పాను. ఎందుకని అడగలేదు. "వాళ్ళ పప్పు బానే ఉంటుందిలెండి" అన్నాడు. ఆ మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో పొడుగు బంతి ఒకటి ఆయన కాళ్ళ దగ్గర పడింది. నాకేసి మొహమాటంగా చూసి గోలు కొట్టాడు. కాసేపటికి ఇంకోటి.

హాఫ్ టైమ్‌లో మాస్టారు నా చెప్పును మధ్య గీత దాకా జరిపారు.

"ఐదుగురు ముందుకెళ్తే మీరూ ఇక్కడిదాకా రావాలండీ. మీరు గోలు దగ్గర నుంచోబట్టే ఆయన ఆఫ్‌సైడ్ అవ్వట్లేదు. మీరు వచ్చేశారనుకోండి, వెనకాల మన గోలీ కాక ఆయనొక్కడే మిగుల్తాడు. బంతి అందినా విజిలేస్తారు."

ఆ సంగతి నాకు తెలియంది కాదు. గీత దాకా వెళ్తే మాట్లాడే మనిషి ఉండడు. అది మాస్టారికి ఎలా చెప్పను?

రెండో సగంలో గుడివాడాయన కోడూరులో అత్తగారి పొలం గురించి చెబుతున్నాడు. వాళ్ళ జట్టుకు బంతి చిక్కింది. "రండి, రండి!" అని మాస్టారు అరిచారు. నేను గీత మీదికి పరుగెత్తాను. బంతి నా తల మీదుగా వెళ్ళి ఆయన దగ్గర పడింది. విజిల్ వినపడింది. తిరిగి చూస్తే ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏంటండీ బావగారూ, మాట మధ్యలో అలా వదిలేసి వెళ్ళిపోయారు?"

మావాళ్ళు వచ్చి నా వీపు చరిచారు. ఆ జట్టులో నా చుట్టూ మనుషులు చేరడం అదే మొదటిసారి. నేను మాత్రం ఆయన మాట దగ్గరే ఆగిపోయాను. రెండేళ్ళుగా తాళం తీసిన ప్రతిసారీ మా ఆవిణ్ణి నేను అడుగుతున్నది అదే.

ఆట ముగిశాక గుడివాడ వాళ్ళ వ్యాన్ హారన్ కొడుతోంది. చెప్పులు అక్కడే వదిలేసి వ్యాన్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు.

"పొలం సంగతి చెప్తున్నారు కదండీ," అన్నాను. "తర్వాత ఏమైంది?"