గోడ మీద పసుపు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. శ్మశానం పక్క చేలో ఒంటరిగా పత్తి తీసినదాన్ని. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

మా ఊళ్లోకి ఇంకా సెల్‌ఫోన్లు రాని రోజులు. ప్రత్తిపాడులో మా ఆయనకి రెండో భార్యగా కాపురానికి వచ్చాను. మొదటి భార్య సుజాత జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్లు. మా అత్తగారు ప్రతి పనిలోనూ ఆమెనే తలిచేవారు. కూర వండితే సుజాత వంట, ముగ్గు వేస్తే సుజాత ముగ్గు. బతికున్న మనిషైతే పోట్లాడేదాన్ని. లేని మనిషిని ఏమనను? లోపల్లోపలే రగిలిపోయేదాన్ని.

ఆ వానాకాలం పెరట్లో బాత్‌రూమ్ గోడ చెమ్మెక్కింది. ఒకరోజు పొద్దున చూస్తే కుళాయి పక్కన గోడ మీద పసుపు రంగులో, తడిగా, అరచేయంత ముద్ద. కొబ్బరి పీచుతో రుద్దేశాను. మర్నాడు మళ్లీ అక్కడే. బ్లీచింగ్ చల్లినా వచ్చింది.

అత్తగారు తొంగి చూసి నిలబడిపోయారు.

"సుజాత ఒంటికి పసుపు రాసుకుని చెయ్యి అక్కడే తుడిచేదమ్మా," అన్నారు.

నేను పసుపు రాసుకోను. సబ్బే.

పక్కింటి సైన్స్ మాస్టారు వచ్చి చూశారు. "ఏం లేదమ్మా, జిగురు బూజు. తేమలో పెరుగుద్ది, మెల్లగా పాకుద్ది కూడా. గోడ ఆరితే పోద్ది," అన్నారు. ప్రాణం కుదుటపడింది.

ఆ మధ్యాహ్నం మా ఆయన మిరప చేలో నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోవడానికని వెళ్లి ఎంతకీ అన్నానికి రాలేదు. వెళ్లి చూస్తే ఆ గోడ ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు.

"అది బూజండీ," అన్నాను.

"తెలుసులే. నాల్రోజులు తుడవమాక," అన్నారు, నా వైపు చూడకుండా.

నాతో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడలేదు. ఆయన అటు చేలోకి వెళ్లగానే యాసిడ్ పోసి, సిమెంటు రాలేదాకా గీకాను.

మర్నాడు పొద్దున పడకగదిలో ఉతికి మేకుకి తగిలించిన ఆయన చొక్కా తీశాను. ఎడమ భుజం మీద అరచేయంత పసుపు ముద్ద. ముట్టుకుంటే జిగురు. మిగతా చొక్కా అంతా పొడిగా ఉంది. పెరటి నుంచి గదిదాకా నేల మీద, గోడల మీద వెతికాను. ఎక్కడా జాడ లేదు.

ఎవరికీ చూపించకుండా ఉతికేశాను. అది మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు. తర్వాత మాస్టారిని అడిగితే, "పొడిబట్ట మీదికి రాదే!" అన్నారు. ఎలా వచ్చిందో నాకూ ఇప్పటికీ అంతుపట్టదు.

మా ఆయనకి మాత్రం ఈ రోజుకీ చెప్పలేదు. చెబితే, ఆ చొక్కా ఎందుకు ఉతికావంటారని భయం.