దొరసాని సమాధి

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా అమ్మ నంద్యాలలో చనిపోయింది. నాయన మిషన్ బడిలో పంతులు. ఆ బడి మీద పెత్తనమంతా చర్చి అయ్యగారిది. ఆయన ఎప్పుడో మద్రాసులో నాలుగు లాటిన్ ముక్కలు నేర్చుకొచ్చి, వాటిని ఎవరి నెత్తిన రుద్దాలా అని కాచుక్కూర్చున్నాడు. మా అమ్మ దొరికింది.

పరామర్శకు వచ్చి, మా చాప మీద కూర్చుని, సమాధి రాయి మీద "డిగ్నా" అని చెక్కించమన్నాడు. యోగ్యురాలు అని అర్థమట. "తగును" అనే అర్థమున్న క్రియలోంచి పుట్టిందట. మగవాడికి డిగ్నుస్, ఆడదానికి డిగ్నా, వస్తువుకు డిగ్నుం. యోగ్యురాలికి అన్నా, యోగ్యురాలి యొక్క అన్నా డిగ్నే. వేలు ఆడిస్తూ విభక్తులన్నీ వల్లించాడు. తెలుగులో "తగిన" అనే మాటకు కరువొచ్చినట్టు! పక్కన మా చెల్లెలు ఆకలని ఏడుస్తోంది. ఆయన ఒక్క విభక్తి కూడా వదల్లేదు.

"మరి పేరో, అయ్యగారూ?" అన్నాడు నాయన.

"పేరు దేవుడికి తెలుసు. చూసేవాళ్లకు ఈ ఒక్క మాట చాలు."

ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. నాయన సరేనన్నాడు. ఆళ్లగడ్డ శిల్పులు అయ్యగారు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చింది రాసిచ్చినట్టే చెక్కారు. రాయి బస్సు టాపు మీద వచ్చింది.

సమాధుల పండుగకు కోయిలకుంట్ల నుంచి అవ్వ వచ్చింది, అమ్మను కన్నతల్లి. బైబిలు కోసమే తెలుగు అక్షరాలు నేర్చుకున్న మనిషి. బిడ్డ పేరు తానే చదివి పోల్చుకుంటానని, బంతిపూలు ఒడిలో వేసుకుని ముందు నడిచింది. ఆ సమాధుల తోటలో పరాయి అక్షరాలున్నవన్నీ తెల్లవాళ్ల సమాధులు. అవ్వ అమ్మ రాయి దగ్గర ఆగి, చూసి, కొంగు సర్దుకుని దాటిపోయింది.

"యాడికి పోతాండావు అవ్వా? ఈడే" అన్నాను.

"అది ఎవురో దొరసానిది పాపా. మనకెందుకు? నా బిడ్డ యాడుందో చూపియ్యి."

నాయన తల ఎత్తలేదు. అయ్యగారు మాత్రం నలుగురికి ఆ రాయి చూపిస్తూ మళ్ళీ డిగ్నుస్, డిగ్నా మొదలుపెట్టాడు. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సంగతి తెలిశాక అవ్వ ఏడవలేదు. సమాధులకు కొట్టే సున్నంలో వేలు ముంచి, ఆ మాట కింద బిడ్డ పేరు వంకరటింకరగా రాసింది.

"ఇప్పుడు సదువు, అయ్యగారూ."

ఆయన చదవలేదు. నాయన చదివాడు, బడిలో హాజరు పిలిచినట్టు, అందరికీ వినపడేలా.