వంతులవారీగా ఊపిరి

నా చిన్నప్పుడు, అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో మా పక్కింట్లో ఒక జర్మన్ ఆంటీ ఉండేది. వాళ్ల చర్చిలో అందరూ ఇంగ్లిష్‌కి మారిపోయారు. ఆవిడ పసితనంలో విన్న జర్మన్ భక్తిపాటల పుస్తకాలు చర్చి బేస్‌మెంట్‌లో అట్టపెట్టెల్లో మగ్గిపోతున్నాయి. ఆ పాటల్ని మళ్లీ పాడించాలని ఆవిడ ఒక గాయకబృందం మొదలుపెట్టింది. మతం, భాష పట్టింపు లేదు, గొంతుంటే చాలంది. అలా పదేళ్ల నేనూ, నర్సుగా పనిచేసే మా అమ్మా చేరాం. అమ్మ ఆ జర్మన్ మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుని పాడేది.

మొదటి శనివారం ఇరవై మందిమి. చలి ముదిరేసరికి తొమ్మిదిమందిమి మిగిలాం. చర్చి తలుపులు తీయడం, కుర్చీలు వేయడం, కాపీలు తీయడం, రానివాళ్లకి ఫోన్లు చేయడం, అన్నీ ఆంటీయే. ఎవరు సాయం చేస్తామన్నా వద్దనేది.

ఒక శనివారం అమ్మ డబుల్ షిఫ్ట్ చేసి వచ్చింది. "నిలబడే ఓపిక కూడా లేదు, కానీ మనం వెళ్లకపోతే ఆంటీ ఫీలవుతుంది" అంటూనే కార్ తీసింది. ఆ రోజు పాట చివర ఒకే స్వరాన్ని చాలాసేపు లాగాలి. మధ్యలో ఊపిరి తీసుకుంటే తప్పనుకుని బిగపట్టాను. కళ్లు తిరిగి పడిపోయాను.

ఆంటీ నా తల ఒళ్లో పెట్టుకుని, ఊపిరి ఎందుకు తీసుకోలేదని అడిగింది. పాట ఆగిపోతుందని భయమేసిందన్నాను.

"ఆగదు. పక్కామె పాడుతున్నప్పుడు నువ్వు తీసుకో. ఆమె తీసుకునేటప్పుడు నువ్వు పాడు. అందుకే కదా ఇంతమందిమి" అంది.

నాకు మంచినీళ్లు తాగిస్తున్న అమ్మ నెమ్మదిగా అడిగింది: "మరి మీరెప్పుడు తీసుకుంటారు?"

ఆంటీ ఆ రోజుతో బృందం ఆపేద్దామనే వచ్చానని, ఇక తనవల్ల కావడం లేదని చెప్పింది. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా లేనట్టుంది. అమ్మ చెయ్యి చాపింది. కాస్త తటపటాయించి, ఆంటీ చర్చి తాళంచెవులు ఆ చేతిలో పెట్టింది.

మరుసటి శనివారం ఆవిడ రాలేదు. మేం ఎనిమిదిమందిమే శ్రుతి తప్పుతూ పాడుకున్నాం. ఆపై వారం ఆంటీ వచ్చింది, ముఖం తేటపడి ఉంది. ఆ బృందం ఇంకో పద్నాలుగేళ్లు పాడింది.

నాకిప్పుడు అరవై దాటాయి. మంచం పట్టిన అమ్మని నేనే చూసుకుంటున్నాను. మొన్న చెల్లెలు ఫోన్ చేసి, వారం రోజులు తానొచ్చి ఉంటానంది. అలవాటుకొద్దీ వద్దనబోయాను. గొంతు దాకా వచ్చిన మాటని మింగేసి, రమ్మన్నాను. ఆ వారం కంటినిండా నిద్రపోయాను.