కుడికాలి బూటు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు, ఒక్క వాక్యం. నా నోటి నుంచి వచ్చిందే. దాని వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి పొలమూ పోలేదు. అయినా ప్రతి ఆదివారం చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడిచేటప్పుడు అది గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ముందు నా వింత అలవాటు చెప్పాలి. అందరూ లోపలికి వెళ్ళాక, మెట్ల దగ్గర విడిచిన బూట్లలో ఒకటో రెండో వంగి చూస్తాను. తాళ్ళ కింద ఉండే నాలుకను పైకెత్తితే లోపల చిన్న చీటీ కుట్టి ఉంటుంది, ఏ దేశంలో చేశారో. వియత్నాం. ఇండోనేషియా. చైనా. ఒకసారి కంపెనీ పేరు చూస్తే దొరల పేరు, చీటీ చూస్తే మన దేశం. ఇంకోసారి పేరు మన వాళ్ళది, తయారీ సముద్రాల అవతల. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు సోషల్ చెబుతున్నాను. పటంలో వేలుపెట్టి చూపించిన దేశాలన్నీ మా చర్చి గుమ్మం ముందు బురద అంటుకుని పడి ఉంటాయని ఎప్పుడూ అనుకోలేదు. ఎవరైనా చూస్తే టీచరు గారికి మతిపోయిందనుకుంటారు. అనుకోనివ్వండి. ఈ కుతూహలం నాకు మా మావయ్యగారి నుంచి అంటుకుంది. తప్పు మాత్రం నాది.

మా ఆయన తండ్రి, మావయ్యగారు, డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అల్లవరం దగ్గర మా ఊళ్ళో రోజూ పొద్దున్నే కాలువ గట్టు మీద పరిగెత్తుతారు. అరవై ఆరో ఏట, కాకినాడలో పెద్దవాళ్ళకి పరుగుపందాలున్నాయని తెలిసి పేరిచ్చారు. పాత బూట్ల అడుగులు ఊడిపోయాయి, కొత్తవి కొనాలి. అక్కడొచ్చింది పేచీ. మన దేశంలో చేసినవైతేనే వేసుకుంటానన్నారు.

అమలాపురంలో నాలుగు కొట్లు తిరిగాం. ప్రతి కొట్లోనూ ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నాలుక ఎత్తి, చీటీ చదివి, బూటు తిరిగి పెట్టెలో పెట్టేసేవారు. దొరక్క దొరక్క ఒక జత దొరికితే అది ఆయన వెడల్పాటి పాదానికి పట్టలేదు. ఇంకో జత కుట్టింది ఇక్కడే, అడుగు మాత్రం బయటి నుంచి తెప్పించిందట. మరి అది ఏ దేశపు బూటు? మావయ్యగారు అడిగారు, కొట్టాయన నవ్వేశాడు. నాకూ తెలియలేదు. పైభాగం ఒక చోట, అడుగు ఒక చోట, తాళ్ళు ఇంకో చోట తయారైతే ఆ బూటు పుట్టిన ఊరు ఏది? ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

అప్పుడు ఆయనకే దేవదానం గారు గుర్తొచ్చారు. మా ఊరివారే, మావయ్యగారి దగ్గర చదువుకున్నవారే. అమలాపురంలో ఎర్రవంతెన దగ్గర చిన్న బడ్డీలో కూర్చుని కొలతలు తీసుకుని చెప్పులు కుట్టేవారు. పరుగు బూట్లు ఎప్పుడూ కుట్టలేదు. కానీ అడగ్గానే ఆయన ముఖం చూడాలి! పేపరు పరిచి, మావయ్యగారిని దాని మీద నిలబెట్టి, పాదాల చుట్టూ పెన్సిలుతో గీత గీసుకున్నారు. ఊడిపోయిన పాత బూట్లు అడిగి తీసుకుని, లోపల పొరలు ఎలా ఉన్నాయో చూడ్డానికి అక్కడికక్కడే విప్పేశారు. ఆయన పద్ధతి ఒకటుంది. ముందు కుడికాలిది కుడతారు. మనిషి దాన్ని తొడుక్కుని నడిచి, ఎక్కడ నొక్కుతోందో చెబితే, అప్పుడు ఎడమది మొదలుపెడతారు. చుట్టుపక్కల స్కూళ్ళలోని మరో ముగ్గురు డ్రిల్లు మాస్టార్లు కూడా ఆ జత ఎలా వస్తుందా అని చూస్తున్నారు. కుదిరితే వాళ్ళ పిల్లలకీ ఆయన చేతే కుట్టిద్దామని. ఈ సంగతి నాకు ముందే తెలుసు. అది దాచను.

రెండు వారాలకు కబురొచ్చింది. మావయ్యగారికి జలుబు చేసి, బూటు చూసి రమ్మని నన్ను పంపారు. స్కూలు నుంచి వస్తూ ఎర్రవంతెన దగ్గర బస్సు దిగాను. దేవదానం గారు బూటు నా చేతిలో పెట్టారు. నల్ల కాన్వాసు, పక్కన తోలు పట్టీ, దగ్గర దగ్గరగా కుట్లు. నేననుకున్నదాని కంటే తేలిగ్గా ఉంది.

"కుడిది అయిపోయిందండి టీచరు గారు. మాస్టారొచ్చి ఓసారి తొడుక్కుని నడిస్తే ఎడంది మొదలెట్టేస్తానండి."

"దీంతో పరిగెత్తొచ్చా?"

"నేనూ అదే చూద్దామనండి. అడుగు షీటు రాజమండ్రిలో కొన్నానండి. ఏ దేశానిదో అడిగితే ఆ కొట్టాయనా చెప్పలేకపోయేడు. కుట్టింది మాత్రం ఇక్కడేనండి. మాస్టారికి ఆ మాట చెప్పాలండి, దాచకూడదు కదండీ."

"వద్దులెండి దేవదానం గారు. వేరేవి తీసుకుంటున్నాం."

"బాలేదాండి?"

"అది కాదు. టైము లేదు."

డబ్బివ్వబోతే తీసుకోలేదు. "జత అవ్వందే ఎలాగండి" అన్నారు.

టైము ఉంది. పందేలకి ఇంకా మూడు వారాలుంది. మరి ఎందుకలా అన్నాను? బూటు బాగోలేదనా? బాగుంది. ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను, ప్రతిసారీ కొంచెం కొంచెం జవాబు చెప్పుకుని మిగతాది దాచుకున్నాను. ఇవాళ మొత్తం చెబుతాను. మా తాతగారు కూడా చెప్పులు కుట్టిన మనిషే. మా నాన్న చదువుకున్నారు, నేను టీచరునయ్యాను, ఆ పని మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. కాకినాడలో రిటైరైన ఆఫీసర్ల మధ్య నిలబడ్డప్పుడు ఎవరో ఒకరు బూట్లెక్కడివండీ అని అడుగుతారు. మావయ్యగారు గొంతెత్తి, గర్వంగా, మా వాడే కుట్టాడని చెబుతారు. ఆ తర్వాత వాళ్ళ ముఖాల్లో వచ్చే మార్పు నేను చూడలేననుకున్నాను. ఆయనకు లేని సిగ్గు నాకెందుకు వచ్చింది?

అక్కడి నుంచి తిన్నగా కొట్టుకెళ్ళి, ఆయన వెడల్పాటి పాదానికి పట్టే జత ఒకటి కొన్నాను. చీటీ మీద వియత్నాం అని ఉంది. ఇంటికొచ్చి, జాకెట్టు కుట్లు విప్పే బ్లేడుతో ఆ చీటీ తీసేశాను. మావయ్యగారికి చెప్పాను: "దేవదానం గారు తన వల్ల కాదన్నారండి. ఇవి మన దేశంలో చేసినవేనట." ఆయన నాలుక ఎత్తి చూశారు. మిగిలిన దారప్పోగుల్ని వేలితో తడిమారు. తొడుక్కుని తాళ్ళు బిగించుకున్నారు. కోడలు అబద్ధమాడుతుందన్న ఆలోచన ఆయనకు రాదు.

కాకినాడలో మూడో స్థానం వచ్చింది. తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచారు. మాలో అలవాటే, మేలు జరిగితే అందరి ముందూ లేచి చెప్పుకుంటాం. ఈ వయసులో కాళ్ళిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పి, బూట్ల వేట మొత్తం చెప్పారు. అందరూ నవ్వారు. చివర్లో, "మన దేవదానం అంతటి పనోడే నా వల్ల కాదనేసేడు. మనోళ్ళు నేర్చుకోవాలర్రా" అన్నారు.

దేవదానం గారు వెనక చాప మీద ఉన్నారు. లేచి కాదనొచ్చు. లేవలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగి నన్ను చూశారు. కోపంగా కాదు, ఎందుకో తెలుసుకోవాలన్నట్టు. నేను పాటల పుస్తకంలోకి తల దించుకున్నాను. మాస్టారి మీద గౌరవంతో ఊరుకున్నారా? లేక బూటు మాస్టారికే నచ్చలేదనీ, అది కప్పిపుచ్చుతున్నారనీ అనుకున్నారా? ఎన్నడూ అడగలేకపోయాను.

చర్చిలో చెప్పిన మాట ఊళ్ళో నిలబడిపోతుంది. డ్రిల్లు మాస్టార్లు ముగ్గురూ మానుకున్నారు. ఒకటి రెండేళ్ళలో దేవదానం గారు తోలు కొయ్యడం మానేసి, అదే బడ్డీలో లారీల మీద వచ్చిన బూట్లు దండలుగా వేలాడదీసి అమ్మడం మొదలుపెట్టారు.

పోయిన నెల మావయ్యగారు కొత్త బూట్లకు నన్ను వెంటబెట్టుకుని అక్కడికే వెళ్ళారు. ఒక జత తీసి, చీటీ చదవమని దేవదానం గారికే ఇచ్చారు. ఆయన చదివి, మన దేశానిది కాదని ఉన్నదున్నట్టు చెప్పారు. మావయ్యగారు నవ్వుతూ, "ఆరోజు నీ వల్ల కాదన్నావు గానీ, నువ్వు కుడితే ఎంత బాగుండేదయ్యా!" అన్నారు.

దేవదానం గారు నా వైపు చూడలేదు. "ఆయ్" అన్నారు.

నా అబద్ధాన్ని ఆయన తన నోటితో ఒప్పుకున్నారు, నేను పక్కనే నిలబడి ఉండగా. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. మావయ్యగారికి ఎప్పుడు చెబుతానో, అసలు చెబుతానో లేదో తెలియదు. కనీసం ఒక్క మనిషికైనా నిజం తెలియాలి, అది మీరే అవ్వండి. దేవదానం గారు తన వల్ల కాదనలేదు. కుట్టారు. బాగా కుట్టారు. నేనే వద్దన్నాను.