నేను కోసిన ప్యాకింగ్

ఈ సంగతిని పదిహేనేళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

సుల్తానాబాద్‌లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాణ్ని. బావుల మీద, వాగుల మీద నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు. చుట్టుపక్కల అందరూ నన్ను ఉస్తాద్ అనేవారు. ఆ పిలుపు నాకు తలకెక్కింది.

పదిహేనేళ్ల కిందటి యాసంగి పంటకాలంలో మంథని వైపు పల్లె నుంచి రాజయ్య అనే రైతు వచ్చాడు. వరి పొట్టకొచ్చింది, ఇంజన్ హెడ్డు దగ్గర నీళ్లు కారుతున్నాయి. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే ప్యాకింగ్ చిరిగిపోయింది. కొత్తది కరీంనగర్ పోతే దొరికేది. నేను పోలేదు. అక్కడే, పొలం గట్టు మీదే, ప్యాకింగ్ షీటు నుంచి కోసి వేశాను. పంట గట్టెక్కేదాకా నిలిస్తే చాలనుకున్నాను.

అదేమీ వింత పని కాదు. షీటును హెడ్డు మీద పరిచి సుత్తితో మెల్లగా కొడితే, కింద ఉన్న రంధ్రాల గుర్తులు దాని మీద పడతాయి. గుర్తు పడిన చోటల్లా కోయాలి. కానీ ముందు హెడ్డును గీకి శుభ్రం చేయాలి. నేను చేయలేదు. పాత ప్యాకింగ్ తుక్కు, మడ్డి ఆయిల్ కలిసి, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు పోయే రంధ్రాల్లో రెండింటి నోళ్లు మూసేశాయి. ఆ రెండింటి గుర్తులూ షీటు మీద పడలేదు. గుర్తు లేని చోట నేను కోయలేదు. రంధ్రాల లెక్క చూసుకోవద్దా? ఉస్తాద్‌కి లెక్క ఎందుకు!

పది రోజులకు ఇంజన్ వేడెక్కి పట్టేసిందని మళ్లీ కబురొచ్చింది. వెళ్లి హెడ్డు విప్పాను. పిస్టన్ సిలిండర్ బోరులో బిగుసుకుపోయి ఉంది. ప్యాకింగ్ పైకి తీయగానే రంధ్రాలు లేని ఆ రెండు చోట్లూ కనిపించాయి. పక్కనున్నవాళ్లకు అర్థం కాలేదు. మడిచి సంచిలో వేసుకున్నాను.

"ఉస్తాద్, ఉన్నదున్నట్టు చెప్పు. గిది బాగైతదా, కొత్తది తెచ్చుకోవాల్నా?" అని రాజయ్య అడిగాడు.

బాగయ్యేది. కరీంనగర్‌లో లేతు మీద సిలిండర్ బోరు చేయించి, కొత్త పిస్టన్ వేస్తే ఇంకా చాలా ఏళ్లు నడిచేది. కానీ ఆ లేతు మేస్త్రీయే నాకు పని నేర్పినవాడు. ఇంజన్ ఎందుకు వేడెక్కిందని అడగకుండా పనిలో చెయ్యి పెట్టడు. హెడ్డు ఒకసారి చూస్తే చాలు, అతనికి అంతా తెలిసిపోతుంది.

"పనికి రాదు రాజన్నా, కొత్తది తెచ్చుకో," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నీళ్లు సూడకుంట నడిపిండ్రు. ఎవలు నడిపిండ్రు?"

"నేనే నడిపిన," అన్నాడు రాజయ్య తమ్ముడు లచ్చయ్య. "నీళ్లు సూసిన అన్నా. సన్నగ వచ్చినయ్, గని వచ్చినయ్."

"సన్నగ వస్తే బందు పెట్టాలె గదా?"

రంధ్రాలు మూసుకుపోబట్టే నీళ్లు సన్నగా వచ్చాయి; అతను చెప్పింది నా తప్పుకు సాక్ష్యం. దాన్నే తిప్పి అతని నెత్తిన పెట్టాను. లచ్చయ్య తల దించుకున్నాడు. రాజయ్య తమ్ముడి వైపు చూశాడు.

కొత్త ఇంజన్ కోసం ఎడ్ల జతను అమ్మేశారు. అది వచ్చేలోగా సగం వరి ఎండిపోయింది. కొత్త ఇంజన్ మీద తమ్ముణ్ని చెయ్యి వేయనివ్వలేదు రాజయ్య. మాటా మాటా పెరిగింది. వానాకాలానికి వేరుపడ్డారు. లచ్చయ్య పెళ్లాంపిల్లలతో ఆదిలాబాద్ వైపు పత్తి మిల్లులో కూలికి వెళ్లిపోయాడు.

అదంతా నా వల్లే జరిగిందా? అన్నదమ్ములన్నాక ఎప్పటికైనా వేరుపడేవాళ్లే కదా అని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. నిజమే కావచ్చు. కానీ ఆ నింద లేకుండా వేరుపడితే, అప్పుడప్పుడైనా ఒకరింటికి ఒకరు వచ్చిపోయేవారు కదా? నేనెందుకంత భయపడ్డాను? ఒక్క మనిషి ముందు చిన్నబోతానని, ఇంకో మనిషిని ఊరంతటి ముందు చిన్నబుచ్చాను.

నిరుడు ధర్మపురిలో గోదావరి ఒడ్డున లచ్చయ్య కనిపించాడు. రాజయ్య పోయాడట, అస్థికలు కలపడానికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

"ఆనాడు నేను నీళ్లు జర మంచిగ సూస్తే, మా అన్న నేను కల్సే ఉండేటోళ్లం ఉస్తాద్," అన్నాడు.

నీళ్లు చూశానని అతనిప్పుడు అనడం లేదు. నా అబద్ధాన్ని అతనే నమ్మేశాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. "పోనీ తియ్యి, ఎప్పటి ముచ్చట," అని భుజం తట్టాను. నేనే అతన్ని క్షమించినట్టు!

లచ్చయ్య ఆ రోజు నీళ్లు చూశాడు. ఇంజన్ చెడగొట్టింది నేను. అతనికి చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను, ఇది సరిపోదని తెలుసు. అయినా రాసేశాక, చాన్నాళ్లకు గుండె నిండా ఊపిరి అందింది. అలా అందినందుకూ సిగ్గేస్తోంది.