తమ్ముడికి కంటి అంచు ఇవ్వబోయి

పొద్దున అయిదుంపావుకి తెనాలిలో రైలెక్కాను. ఈ ఏడాది హైదరాబాదుకి ఇది నాలుగో ప్రయాణం, ఒళ్లు హూనమైపోయింది. ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లకి రంగులు వేసే మా తమ్ముడు సామ్యేలుకి పనిలో రెండు కళ్లలోనూ సున్నం పడింది. పక్కవాళ్లు కంగారులో కొబ్బరినూనె పోశారట. మీ ఎరికలో ఎవరికైనా అలా జరిగితే ముందు నీళ్లతో బాగా కడగండి, ఆ తర్వాతే ఆటో. వాడికి చూపు రావాలంటే నా కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి వాడి కంటికి అతకాలి. నేను మిషను కుట్టుకుని బతికేదాన్ని. సరేనన్నాను గానీ, ఆపరేషను ఎప్పుడో ఇవాళ చెబుతామన్న దగ్గర్నుంచి, వారంగా కంటిమీద కునుకు లేదు.

సికింద్రాబాదులో దిగేసరికి పదిన్నర. మెట్రోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా నిలబడే వెళ్లాను. దిగగానే రెండిడ్లీ తినేయండి, ఆసుపత్రిలో వరుస ఎప్పుడు కదులుతుందో చెప్పలేం. ఆటో అతను ఎవరికి ఆపరేషనని అడిగితే తమ్ముడికన్నాను. "ఫికర్ చెయ్యకక్కా, మంచిగైతది" అన్నాడు. నా కన్ను సంగతి చెప్పలేదు.

సామ్యేలు నల్లద్దాలతో మెట్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఒంటిగంటకి పిలిచారు. డాక్టరమ్మ వాడి కళ్లు చాలాసేపు చూసింది. నల్లగుడ్డు అంచు నారుమడి లాంటిదట. అక్కడి మూలకణాల నుంచి పుట్టే కొత్త కణాలతోనే కంటి పైపొర ఎప్పటికప్పుడు నిండుతుంది. ఎప్పుడు ఊరుకోవాలో, ఎప్పుడు రెండుగా చీలి పెరగాలో చుట్టుపక్కల కణాలే వాటికి సంకేతాలు పంపుతాయట. వాడి కళ్లలో ఆ చుట్టుపక్కలంతా ఇంకా వాచే ఉంది.

"ఇప్పుడు మీ కణాలు పెడితే వాటికి రాంగ్ సిగ్నల్సే అందుతాయమ్మా, నిలబడవు. వాపు తగ్గనివ్వండి. మూడు నెలలాగి చూద్దాం" అంది.

తమ్ముడు తల దించుకున్నాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది.

వాణ్ని గది దగ్గర దింపాను. గుమ్మంలో నిలబడి, "నీకు హాయిగా ఉంది కదూ అక్కా?" అన్నాడు. రైలుకి టైమవుతోందని చెప్పి వచ్చేశాను.

నాలుగున్నర బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, ఒంట్లో బాగోలేదా అని అడిగింది. బాగానే ఉందన్నాను. నల్గొండ దాటాక ఇక ఉండబట్టలేక సామ్యేలుకి ఫోన్ చేశాను.

"హాయిగానే ఉందిరా. కన్ను పోతుందేమోనని భయం. అయినా మూడు నెలలకి వస్తాను."



"నువ్వొస్తావని ఇప్పుడు నమ్ముతానక్కా" అన్నాడు.